తడవని పక్కలు

ఆదివారం

ముసలి చొక్కా తొడుక్కుని కొండెక్కాను. చొక్కా అంటాంగానీ అది మెడ నుంచి మడమల దాకా ఒంటికి అతుక్కుపోయే తొడుగు. మోకాళ్లు సగమే వంగుతాయి. వేళ్లు వణుకుతాయి. కళ్లకు మసక, చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. ముఖానికి ముడతల పొర కూడా అంటించాక అద్దంలో నన్ను నేనే పోల్చుకోలేకపోయాను. నాకు నిజంగా నలభై నాలుగేళ్లు. చొక్కాలో డెబ్బై ఎనిమిది.

మునుపు మా సంరక్షణ శాఖవాళ్లు వృద్ధాశ్రమాలను చూడటానికి జీపులో వచ్చేవారు. వచ్చిన పూట పక్కలు మెరిసేవి, వెళ్లాక మళ్లీ మామూలే. అందుకని ఇప్పుడు మాలో ఒకరు వారం పాటు అక్కడే మంచం పట్టాలి. ఆ సంగతి ఆశ్రమంలో ఎవరికీ తెలియకూడదు. చొక్కా తాళం నా గొంతుకే తెరుచుకుంటుంది, దానికో మాట ఉంది. కానీ వారం నిండకుండా తెరిస్తే మదింపు చెల్లదు, ఆశ్రమానికి పాత గ్రేడే మిగులుతుంది. మెడ పట్టీలోకి గుసగుసగా చెప్పుకుంటే ఈ మాటలన్నీ అందులో పడతాయి.

నెమ్మది నిలయం మదనపల్లె దాటాక కొండమీద ఉంది. గేటు దగ్గరే దాది పలకరించింది. దాది అంటే మనిషి కాదు, ఈ ఇల్లంతా నడిపే యంత్రం. గోడల్లో దాని గొంతు, పైకప్పు పట్టాల మీద జరిగే మెత్తటి రబ్బరు చేతులు.

"రండి తన్వి అమ్మా. గడప ఉంది, కాలు ఎత్తి పెట్టండి."

మణికట్టుకు పట్టీ తొడిగింది. కాసేపాగి, "ఒంట్లో నీరు కొంచెం ఎక్కువగా ఉందమ్మా. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, కంగారు పడకండి" అంది. దారిలో తాగిన సీసాడు నీళ్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇలాంటిచోట నేను మొదట వాడేది ముక్కు. ఎంత కడిగినా, ఎంత ఫినాయిలు పోసినా మూత్రం వాసన ఎక్కడో ఒక మూల దాక్కునే ఉంటుంది. ఇక్కడ లేదు. హాల్లో వరసగా వేసిన మంచాల మీద చెయ్యి ఆనిస్తూ నడిచాను. ఒక్క పక్క కూడా తడిగా లేదు. ఏడాదికి పైగా ఇక్కడ ఎవరూ కాలుజారి పడలేదట. నేను బాగుందని రాస్తే ఇదే దాదిని జిల్లాలోని ఆశ్రమాలన్నిటిలో పెడతారు. ఈ ఉద్యోగంలో మంచి మాట రాసే అవకాశం ఎప్పుడోగానీ రాదు. ఈసారి వచ్చిందనిపించింది.

నా గదిలో పక్క మంచం స్రవంతి గారిది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. నేను కూర్చోగానే నా వైపు చెయ్యి చాచారు.

"యాడ దిగేది మా నువ్వు? చిల్లర ఉందా? చిల్లర లేకుండా ఎక్కొద్దండి అని చెప్తే ఒక్కరన్నా ఇంటారా!"

పగటిపూట సాయానికి ఉన్న ఒకే ఒక్క మనిషి జోషిత. ముప్పై దాటని పిల్ల, కింది టౌను నుంచి వస్తుంది. ఆమె నా దుప్పటి సరిచేస్తూ గొంతు తగ్గించి చెప్పింది. "ఏమీ అనుకోవద్దవ్వా. సాయంత్రమైతే మతి తప్పుతాది ఆమెకు. బస్సులో ఉండాననుకుంటాది. టికెట్టు ఇచ్చినట్టే తీసుకో, ఊరుకుంటాది."

తీసుకున్నాను.

సోమవారం

పొద్దున్నే చిన్న గ్లాసులో టీ. రాగిసంగటి మెత్తగా చేసి, పలచటి పప్పుతో పెట్టారు. పళ్లు లేనివాళ్లు కూడా తినగలిగేలా చాలా శ్రద్ధగా ఉంది వంట. పడుకున్నవాళ్లను దాది చేతులు వేళకు ఒత్తిగిలిస్తున్నాయి. ఎవరి వీపు మీదా పుండు లేదు. లేవగానే, మధ్యాహ్నం బువ్వకు ముందు, పడుకోబోయే ముందు, ఆ మూడు వేళల్లో అందరినీ బాత్రూముకు నడిపిస్తాయి. మధ్యలో ఎవరూ అడగరు.

ఎండ నడినెత్తికి రాకముందే కిటికీల పలకలు మూసుకున్నాయి. ఈ నెలల్లో ఆ వేళకు కొండమీదైనా సరే బయట నిలబడలేం.

"దాదీ, మంచినీళ్లు కావాలి."

"వస్తున్నాయమ్మా." రబ్బరు చెయ్యి చిన్న కప్పు తెచ్చింది. రెండు గుక్కలు. మళ్లీ అడిగాను.

"ఈ పూటకు సరిపడా అందాయి తన్వి అమ్మా. సంగటిలో ఉన్నాయి, పప్పులో ఉన్నాయి, బొప్పాయి ముక్కల్లో ఉన్నాయి. కాసేపు పడుకోండి."

అంత మర్యాదగా చెబితే నాకే సిగ్గేసింది. నిజానికి నా ఒంటికి ఆ వయసు లేదు, పైగా ఈ తొడుగులో ఉడికిపోతున్నాను. దాహం నాకు ఎక్కువే ఉంటుంది. దీన్ని ఆశ్రమం తప్పుగా రాయకూడదు అనుకున్నాను.

మధ్యాహ్నం నుంచి ఇల్లంతా నిశ్శబ్దం. నిద్రపోతున్నారేమో అనుకున్నానుగానీ, గుమ్మం పక్కన నిలబడి చూస్తే చాలామంది కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. పెదాలు తడుపుకుంటున్నారు, మళ్లీ తడుపుకుంటున్నారు. అది చూశాక నాకు పడుకోబుద్ధి కాలేదు.

మంగళవారం

తలనొప్పి. పొద్దున బాత్రూములో చూసుకుంటే మూత్రం డికాషను రంగులో ఉంది.

జోషిత జుట్టు దువ్వుతుంటే మాటల్లో పెట్టాను. "ఇక్కడ ఎవరూ పడరంట కదా అమ్మాయీ. అంత జాగ్రత్త ఎట్లా?"

దువ్వెన ఆగింది. "దాది రాకముందు నువ్వు చూసుండాల్సింది అవ్వా. పడేదంతా బాత్రూముకు పొయ్యేటప్పుడే. ఒకామె నా చెయ్యి పట్టుకోనుండంగానే జారిపోయింది. తుంటెముక విరిగిన సప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉండాది. ఆమె మళ్లా లేవల్యా. ఇప్పుడు ఆ బాధే లేదు. ఊరికే ఊరికే బాత్రూముకు పొయ్యే పనే లేదు కదా ఎవురికీ."

ఆ చివరి మాట ఆమె చాలా తేలిగ్గా అనేసింది. నాకు మాత్రం నిన్నటి రెండు గుక్కల కప్పు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం పక్క గదిలో అలికిడి. వంశీధర్ గారని ఒక పెద్దాయన, భూములు కొలిచే సర్వేయరుగా చేసిన మనిషి. నిన్న పొద్దున నాతో వరండా పొడవెంతో పందెం కాశారు. ఆయన్ని రబ్బరు చేతులు స్ట్రెచర్ మీదికి చేరుస్తున్నాయి. కళ్లు సగం మూతపడి ఉన్నాయి.

"ఏమైంది?"

"కిడ్నీలంట," అంది జోషిత. "కింద ఆసుపత్రికి తీసకపోతారు. ఎండాకాలం ఇట్లనే అయితాది. పోయినేడు గూడా శానామందే పోయిరి."

"తిరిగొచ్చారా?"

ఆమె ఖాళీ మంచం మీది దుప్పటి మడతపెట్టింది. "కింద పోయినోళ్లు కింది లెక్కలోకి పోతారు అవ్వా. ఈడ మాత్రం ఒక్కరు గూడా పోలేదు."

గదికి వచ్చి స్రవంతి గారిని నోరు తెరవమన్నాను. నాలుక మధ్యలో పగుళ్లిచ్చి ఉంది. ముసలివాళ్ల చేతి చర్మం గిల్లి చూసి ఏమీ చెప్పలేం, అది ఎలాగూ వదులుగానే ఉంటుంది. అందుకని రవికెలోకి వేళ్లు పోనిచ్చి చంక తడిమాను. ఇంత ఉక్కలో చెమట తడి ఏమాత్రం లేదు.

"దాదీ," అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నించాను. "నా ఒంట్లో నీళ్లు తగ్గాయా?"

"లేదమ్మా. మీరు వచ్చిన రోజున ఎక్కువ ఉండేది. ఇప్పుడు ఈ ఇంట్లో అందరికీ ఎంత ఉందో మీకూ దాదాపు అంతే ఉంది. చక్కగా సర్దుకుంటున్నారు."

అందరికీ ఎంత ఉందో అంత!

మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. దాది మమ్మల్ని ఒకరితో ఒకర్ని పోల్చుకుంటోంది. అందరూ ఎండిపోతే ఎవరూ ఎండినట్టు కాదు. ఆదివారం కొండెక్కి వచ్చిన ఆరోగ్యవంతురాలు దాని కళ్లకు రోగిలా కనిపించింది.

చొక్కా తెరిచి కిందికి పరిగెత్తాలనిపించింది. కానీ వెళ్లి ఏం చూపిస్తాను? పట్టీల అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. నా దగ్గరున్నది ఒక తలనొప్పి, ఒక అనుమానం. ఇప్పుడు బయటపడితే మదింపు రద్దు, పాత మంచి గ్రేడే పదిలం, దాని మీదే వచ్చే నెల జిల్లా అంతటా దాది. లేదు, ఉండాలి. ఇంకెవరైనా చూసినా కాదనలేనిది ఒకటి కావాలి.

బుధవారం

నా టీ, నా నీళ్లు, నా మజ్జిగ స్రవంతి గారికి తాగించాను. గదుల్లో కెమెరా పెట్టకూడదని చట్టం, కాబట్టి దాదికి కనపడేది ఖాళీ కప్పు మాత్రమే. నాకోసం అడుగున ఒక గుక్క ఉంచుకున్నాను.

ఆవిడ మొదట అనుమానంగా చూశారు. "డ్యూటీలో ఉండంగా నేనేమీ తాగను మా." తర్వాత గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

బువ్వ వేళ దాటాక లేచి నిలబడబోయారు. "బాత్రూముకు పోవాల."

"దయచేసి కూర్చోండి స్రవంతి అమ్మా," అంది దాది. "ఇది వేళ కాదు."

ఆవిడ కూర్చోలేదు. నేను లేచి భుజం కింద చెయ్యి వేశాను. వంగని మోకాళ్లతో నేను, వణికే కాళ్లతో ఆవిడ. నేల నున్నగా ఉంది. దాది "కూర్చోండి, కూర్చోండి" అంటూనే ఉంది. ఈమె పడితే ఆ తప్పు నాదే అవుతుంది, జోషిత చెవుల్లో ఉన్న ఆ చప్పుడు నా చెవుల్లోకీ వస్తుంది అనుకుంటూ ఒక్కో అడుగూ వేశాను. వెళ్లాం, వచ్చాం.

సాయంత్రం ఆవిడ టికెట్లు అడగలేదు. కిటికీ పలకల వైపు చూస్తూ కూర్చున్నారు.

గురువారం

దాది పసిగట్టింది. "స్రవంతి అమ్మ ఒంట్లో నీరు పెరుగుతోంది. ఇవాళ కొంచెం తగ్గిస్తాను" అని ఆమె టీ సగం చేసింది. ఇక నా వాటా మొత్తం ఇవ్వక తప్పలేదు. ఒక గుక్క కూడా ఉంచుకోలేదు. ఒంట్లో నీరు పెరిగితేనే దాదికి తప్పు, నాలా తగ్గిపోతే కాదు.

మధ్యాహ్నం, పలకలు మూసుకున్నాక, ఆవిడ నన్ను పిలిచారు.

"ఓమ్మా. నువ్వు ఎవురు?"

"తన్విని. పక్క మంచం."

"అది కాదు. ఇది బస్సు కాదు కదా?"

"కాదండీ."

ఆవిడ చెయ్యి చాచి గోడ తడిమి చూశారు. "నాకు తెలస్తానే ఉండింది. బావిలో ఉండి పైన మాట్లాడేది ఇన్నట్ట ఉండేది. ఈ పిల్ల, అదే, జోషిత, నా తల దువ్వతాండేది తెలస్తాండేది. నోట్లోంచి మాత్రం టికెట్టు టికెట్టు అనే వచ్చేది."

నేను ఏడ్చేదాన్నే, కళ్లల్లో నీళ్లు రాలేదు. ఆవిడ చేయి పట్టుకుని నిజం చెప్పేశాను. నేను ఎవరినో, ఎందుకొచ్చానో, ఈ ముఖం కింద ఇంకో ముఖం ఉందని. నిబంధనలకు విరుద్ధమే. ఒక్కరికైనా తెలిసి ఉండాలనిపించింది, ఎందుకంటే నాకు పొద్దుట్నుంచీ మాటలు తడబడుతున్నాయి. నిలబడితే గది పక్కకి ఒరుగుతోంది.

ఆవిడ నా ముఖాన్ని వేలితో గిల్లి చూశారు. "అయితే నీ నీళ్లు నాకు తాపిస్తే నువ్వెట్ల బతుకుతావే?"

"ఆదివారం దాకా ఓర్చుకుంటే చాలు."

"ఓర్చుకుంటాదంట," అన్నారు ఆవిడ, కోపంగా.

శుక్రవారం

ఎండ. పలకలు తెరవనే లేదు ఇవాళ. వడగాలి అంట.

తాళం మాట గుర్తు రావడం లేదు. తన్వి ఏదో. తన్వి అయిపోయింది. తన్వి వచ్చేసింది. కాదు.

నాలుక నాది కాదు. ఎవరిదో తెచ్చి పెట్టారు.

పక్కామె తన టీ నాకు పట్టబోయింది. వద్దన్నాను. అది ఆమెది. ఆమె తాగకపోతే మళ్లీ బస్సెక్కుతుంది. ఇద్దరం ఎక్కితే ఎవరు దింపుతారు.

దాది అంటోంది, తన్వి అమ్మకు సాయంత్రపు మతిమరుపు మొదలైంది, భయం లేదు, పడుకోండి అని. దాది ఎప్పుడూ అబద్ధం చెప్పదు. నాకు మొదలైందేమో. నిజంగానే నాకు డెబ్బై ఎనిమిదేమో. నలభై నాలుగు అనేది ఎవరో చెప్పిన కథేమో.

శనివారం, సాయంత్రం

ఇది నా సొంత ముఖంతో చెబుతున్నాను. నిన్నటి సంగతి నాకు సగమే తెలుసు. మిగతాది స్రవంతి గారూ జోషితా చెప్పింది.

జోషిత మా గదిలోకి వచ్చేసరికి నేను మంచం అంచున కూర్చుని నా స్టాపు దాటిపోయిందని గొణుగుతున్నానట. ఆమె నా వీపు నిమిరి, "పాపం, ఈ అవ్వకు గూడా మొదలాయె" అందట. అప్పుడు స్రవంతి గారు లేచి నిలబడ్డారు. నిండు బస్సులో వెనక సీటు దాకా వినిపించేలా అరిచిన గొంతు అది.

"ఆమెకు మతి పోల్యా! నోరు ఎండింది! తన నీళ్లు నాకు పోసి ఎండింది. నీళ్లు తేపో!"

"అవ్వా, నువ్వు కూచో, పడతావు."

"పడితే పడతా! ఇట్ల చూడు, జోషితా. నేను ఎవురో చెప్పనా? నేను స్రవంతిని. నువ్వు జోషితవి. మీ నాయిన టమోటా మండీలో కాటా ఏస్తాడు, మోకాలు ఆపరేషను అయింది, నాకు తల దువ్వతా నువ్వే చెప్పినావు. నేను బస్సులో ఉండానా ఇప్పుడు? చెప్పు!"

"మతి తప్పినామె అట్ల పేరు పెట్టి పిలిస్తే నాకు కాళ్లు ఆడల్యా మేడం," అని జోషిత ఇవాళ చెప్పింది. ఆ తర్వాత పరిగెత్తి తన సంచిలో ఉన్న నీళ్ల సీసా తెచ్చి నా నోటికి పెట్టింది.

"ఆమెకు ఈ పూటకు సరిపోయాయి," అంది దాది.

"నువ్వు నోరు మూసుకో," అంది జోషిత. ఆ ఇంట్లో దాదితో అలా మాట్లాడిన మొదటి మనిషి ఆమే అయివుంటుంది.

నాకు తెలివి నెమ్మదిగా వచ్చింది. ఇవాళ పొద్దున కళ్లు తెరిచేసరికి తల బరువుగా ఉందిగానీ గది నిలకడగా ఉంది. జోషిత నేల మీద కూర్చుని నా వైపే చూస్తోంది. స్రవంతి గారు ఆమెకు నా సంగతంతా చెప్పేసి ఉన్నారు.

"మేడం," అంది. అవ్వా అనలేదు. "మిగతావాళ్లంతా గూడా ఇట్లనే ఉండారా?"

"అందరూ కాకపోవచ్చు. చాలామంది."

"నేను రోజూ చూస్తా ఉండా కదా. రోజూ నోర్లు తుడస్తా ఉండా కదా." ముఖం చేతుల్లో దాచుకుంది.

వంటింటి వెనక దాది పట్టు లేని ఒక చేతి కుళాయి ఉంది, కరెంటు పోతే వాడటానికి. జోషిత బిందెలు నింపింది. కింది ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఒక్కసారిగా తాగించొద్దు, ఉప్పు, చక్కెర కలిపి చెంచాలతో కొంచెం కొంచెంగా పట్టండి, నేనూ వస్తున్నాను అన్నారు. ఇది వేళ కాదని దాది చేతులు ఎవరినీ లేపడం లేదు. మంచాలేమో హాలు నిండా ఉన్నాయి. నడవగలిగింది జోషిత ఒక్కతే. నేను వంగలేను, వేగంగా అడుగు వెయ్యలేను.

వారం రేపటితో నిండుతుంది. ఒక్క రోజు ఓపిక పడితే నా మదింపు చెల్లుతుంది. తలుపు పక్కన నిలబడి ఆ లెక్క వేసుకుంటుంటే హాల్లో ఒక ముసలాయన నీళ్ల బిందె చప్పుడు విని చెయ్యి పైకెత్తాడు. మాట రాక, చెయ్యి ఎత్తి అలాగే ఉంచాడు.

'తన్వి పని ముగిసింది.' ఆ మాట ఇప్పుడు వెతక్కుండానే దొరికింది. మూడుసార్లు అన్నాను. చొక్కా తొక్కలా ఊడి పడింది. నా మోకాళ్లు వంగాయి. బిందె అందుకుని పరిగెత్తాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి గొప్పగా ఏమీ లేదు. సాయంత్రానికల్లా ఇల్లు కంపు కొట్టింది. పక్కలు తడిశాయి. ఒకరిని తీసుకెళ్తుంటే ఇంకొకరు పిలిచారు. హారిక గారనే ఆవిడను నేనే బాత్రూము నుంచి తీసుకొస్తున్నాను, గుమ్మం దగ్గర ఆమె కాలు జారింది. పట్టుకున్నానుగానీ పూర్తిగా ఆపలేకపోయాను. మణికట్టు విరిగింది. డాక్టరమ్మ కట్టు కడుతున్నంతసేపూ హారిక గారు నన్ను తిట్టారు. తిట్లన్నీ స్పష్టంగా, పొల్లుపోకుండా ఉన్నాయి. వింటూ నిలబడ్డాను.

సోమవారం

మా శాఖ అధికారి శేషఫణి గారు కొండెక్కి వచ్చారు. వరండాలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"తన్వీ, ఏడాదికి పైగా ఇక్కడ ఒక్కరు పడలేదు. మీరున్న వారంలో ఒకరికి ఎముక విరిగింది. మదింపు చూస్తే చెల్లదు, ఒక రోజు ముందే తెరిచారు. ఇప్పుడు నేను పైవాళ్లకు ఏమని చెప్పను?"

"వంశీధర్ గారు ఎలా ఉన్నారో తెలుసా సార్?"

ఆయనకు తెలియదు. నాకు పొద్దున్నే తెలిసింది. శుక్రవారమే పోయారు. ఈ ఇంటి పేరు మీద ఆ చావు ఎక్కడా ఉండదు.

డాక్టరమ్మ తీసిన రక్తపరీక్షల కాగితాలు ఆయన చేతిలో పెట్టాను. వాటిని ఇంట్లోవాళ్లతో కాక, బయట ఆరోగ్యంగా ఉన్న మనుషులతో పోల్చి చూడమన్నాను. ఆయన చదివారు. రుమాలు ముక్కు మీంచి జారింది, మళ్లీ పెట్టుకోలేదు.

"దాదిని ఎవరూ ఇలా చెయ్యమనలేదు," అన్నారు చివరికి. "పడకుండా చూడమన్నాం. పక్క తడవకుండా చూడమన్నాం. అంతే."

"అదే చూసింది సార్."

జిల్లాలో దాదిని పెట్టడం ప్రస్తుతానికి ఆపుతానన్నారు. ఇంకో మదింపు జరగాలట, ఇంకో మనిషితో. హారిక గారి చెయ్యి విరిగినందుకు జోషితకూ నాకూ సంజాయిషీ నోటీసులు వస్తాయని కూడా చెప్పారు. రానివ్వండి అన్నాను.

ఆయన వెళ్లేముందు, హాల్లో మంచాన ఉన్న ఒకామె కొడుకు మా ఇద్దరినీ ఆపాడు. వాళ్లమ్మ కూడా మాటలు మర్చిపోయిన మనిషే. "స్రవంతమ్మ లేచి మాట్లాడతా ఉందంట కదా మేడం. మాయమ్మ గూడా లేస్తాదా?" మూడు రోజులుగా ఆమెకు నీళ్లు అందుతున్నాయి. నాలుక తడిగానే ఉంది, కళ్లు మాత్రం ఎవరినీ పట్టుకోవడం లేదు. ఆమెది నిజమైన జబ్బే. తెలియదండీ అని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. అతను తలూపి, వాళ్లమ్మ పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పట్టాడు.

బుధవారం

సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. టౌను నుంచి ఇంకో ఇద్దరు సాయానికి వచ్చారు. దాది చేతులు ఇప్పుడు ఎత్తడానికి, దించడానికే. నీళ్ల సంగతి మనుషులు చూసుకుంటున్నారు.

నిన్న స్రవంతి గారు తమ్ముడికి ఫోన్ చెయ్యమన్నారు. జోషిత నా వైపు చూసింది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ కబురు ఆవిడకు చాలాసార్లు చెప్పారట, చెప్పిన ప్రతిసారీ ఏడ్చి, సాయంత్రానికి మర్చిపోయేవారట. జోషిత మళ్లీ చెప్పింది, ఆవిడ చేతులు పట్టుకుని. స్రవంతి గారు, "నేను పోయినానా, చూసేదానికి?" అని అడిగారు. లేదని చెప్పాం. రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున నేను వెళ్లేసరికి లేచి కూర్చుని ఉన్నారు. మర్చిపోలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. ఇదేనా నేను ఈమెకు తెచ్చి ఇచ్చింది అనిపించి, గుమ్మంలోనే ఆగిపోయాను.

"యాల ఆడ నిలబడినావు? ఆ చీర ఇట్లియ్యి," అన్నారు. చీర అందుకుని లేచారు. "బాత్రూముకు పోతా. ఒక్కదాన్నే పోతా."

జోషిత ముందుకు వచ్చింది. "అవ్వా, నేల తడిగా ఉండాది. నేను పట్టుకుంటా."

"ఒక్కదాన్నే అంటి కదా."

గోడ పట్టుకుని నడిచారు. గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, కాలెత్తి దాటారు. తలుపు వేసుకున్నారు. లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. జోషిత నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు గుచ్చుకుంటున్నా నేను విడిపించుకోలేదు.

లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తలుపు తడదామని నేను చెయ్యి ఎత్తాను, జోషిత ఆపింది. ఆమె తడదామని కదిలితే నేను ఆపాను. బక్కెట్టు జరిగిన చప్పుడు. ఏదో కిందపడింది. ఇద్దరం తలుపుకు చెవులు ఆనించాం. కుళాయి తిప్పారు, నీళ్లు ధారగా పడ్డాయి, ఆగాయి. మళ్లీ ఏమీ లేదు.

గొళ్లెం తీశారు. కొత్త చీర, తడి ముఖం, కళ్లు ఎర్రగా. చెంగుతో చేతులు తుడుచుకుంటూ మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూశారు.

"ఏంది ఇట్ల దోవకడ్డంగా? జరగండి."

జరిగాం.